చర్చిలో రంగు అద్దాల కిటికీ ఉబ్బింది, విప్పనివ్వాలా?

తీరంగాలి:
మా ఊళ్లో తెల్లదొరల కాలం నాటి చర్చి ఉంది. బలిపీఠం వెనక పెద్ద రంగు అద్దాల కిటికీ, చర్చి కట్టినప్పుడే ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిందంటారు. ఇప్పుడు కింది భాగం లోపలికి ఉబ్బింది, ఒకటి రెండు ముక్కలు పగిలాయి, ఒక ముఖం మీద గీతలు చెరిగిపోతున్నాయి. కాంట్రాక్టర్ వచ్చి చూసి, మొత్తం విప్పేసి అద్దం ముక్కల్ని పట్టి ఉంచే సీసం పట్టీలు తీసి కొత్త సీసం వేస్తా, అద్దాలు యాసిడ్‌తో కడుగుతా, బయట పాలికార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) షీట్ బిగించి చుట్టూ సిలికాన్ కొడతా, క్రిస్మస్‌లోపు ఇచ్చేస్తా అంటున్నాడు. అయ్యగారు సరే అనేలా ఉన్నారు, నాకే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

సీసంపట్టీ:
ముందు యాసిడ్ మాట ఆపించండి, మిగతావి తర్వాత. ఇంగ్లండులో ఈ పనే చేస్తున్నాను కాబట్టి చెప్తున్నా. ఆ ముఖం గీతలు గాజు మీద కుంచెతో వేసి బట్టీలో కాల్చిన పెయింట్, అంటే ఐరన్ ఆక్సైడ్ లాంటి వాటిలో గాజు పొడి కలిపి 600 డిగ్రీల పైన కాలుస్తారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి కొన్ని స్టూడియోలు తక్కువ వేడికే కరగాలని అందులో బోరాక్స్ కలిపాయి, అది తేమకి నిలవదు. మీదీ ఆ బాపతే అయితే యాసిడ్ దాకా అక్కర్లేదు, తడిగుడ్డతో తుడిచినా కళ్లూ ముక్కూ గుడ్డకి వచ్చేస్తాయి. ఆ ముక్కని అసలు ముట్టుకోనివ్వకండి.

ఉబ్బు సంగతి: అడ్డంగా ఇనుప కమ్మీలు ఉంటాయి చూడండి, వాటికి కిటికీని రాగి తీగలతో కట్టి ఉంటారు. ఆ తీగలు తెగితే సీసం మెత్తనిది కదా, బరువుకీ ఎండకీ జారుతుంది. చాలాసార్లు మళ్లీ కట్టడంతోనే సరిపోతుంది. చేత్తో వెనక్కి నొక్కడం మాత్రం వద్దు, ఉన్న గాజు కూడా పగులుతుంది.

గోదారోడు:
కొత్త సీసం వేయడమే తప్పన్నట్టు మాట్లాడొద్దండీ. వందేళ్లు దాటిన సీసం అతుకుల దగ్గర చీలిపోతే ఎన్ని తీగలు కట్టినా ఆగదు.

సీసంపట్టీ:
నిజమే, చీలితే మార్చాల్సిందే. చీలిందో లేదో చూడకుండానే విప్పుతానంటున్నాడు, అదీ నా బాధ. ఇక షీట్. ఇక్కడ యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చిలో గ్రేట్ ఈస్ట్ విండో అనే రంగు అద్దాల కిటికీ ఉంది, జాన్ థార్న్‌టన్ 1405–1408 మధ్య చేసింది, 311 పలకలు. దాన్ని విప్పి బాగుచేసి 2018లో పూర్తిచేశారు, బయట రక్షణకి వేరే గాజు కూడా పెట్టారు. కానీ రెండిటి మధ్య ఖాళీ వదిలి గాలి ఆడేలా పెట్టారు. మీవాడు చుట్టూ సిలికాన్ కొడితే మన ఎండకి లోపల ఆవిరి గది తయారవుతుంది. షీట్ తప్పదంటే కిందా పైనా సందులు వదిలి, పురుగులు దూరకుండా జాలీ పెట్టమనండి.

మంజీరా:
మాది మెదక్. మా చర్చి ప్రతిష్ఠ 1924లో జరిగింది, కానీ కిటికీలు ఒకేసారి రాలేదు. ఆరోహణం 1927, క్రీస్తు జననం 1947, సిలువ 1958. మూడూ ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ డిజైన్లే. అందుకని చర్చి వయసే కిటికీ వయసు అనుకోకండి. కింది మూలల్లో తయారీదారు పేరు, ఏడాది రాసుందేమో చూడండి, డయాసిస్ (బిషప్ ఆఫీసు) కాగితాలు వెతకండి. ఏ కాలంవో తెలిస్తే పెయింట్ ఎలాంటిదో ఒక అంచనాకి రావచ్చు. ఫోటోలు కూడా ముందే తీసుకోండి, వెలుతురు వెనక నుంచి పడేటప్పుడు ఒకసారి, ముందు నుంచి ఒకసారి.

తీరంగాలి:
నిచ్చెన వేసి చూశాం. కింది కమ్మీకి ఒక్క తీగ కూడా లేదు, అన్నీ తెగి వేలాడుతున్నాయి! సీసం అతుకులు బాగానే కనిపిస్తున్నాయి. యాసిడ్ వద్దని కమిటీ ఒప్పుకుంది, షీట్ దగ్గర ఇంకా గొడవే. ఇక్కడ ఈ పని తెలిసినవాళ్లు దొరుకుతారా?

గోదారోడు:
పాత కట్టడాల్ని కాపాడే సంస్థ ఇంటాక్ ఉంది, దాని హైదరాబాద్ చాప్టర్‌ని అడగండి. ముంబైలోనూ ఈ పనివాళ్లు ఉన్నారు, అక్కడి యూనివర్సిటీ గడియారం టవర్, రాజాబాయి టవర్ కిటికీలు బాగుచేసింది అక్కడే కదా. ఎవరొచ్చినా ముందు లిఖితంగా రిపోర్టు అడగండి, కొటేషన్ తర్వాత. అప్పటిదాకా ఆ ఉబ్బు కింద కుర్చీలు వేయకండి.