ఏజెంటు బిల్లులో ‘ఇతర ఖర్చులు’: సంతకం పెట్టాలా?

ప్రశ్న: మా సంస్థ యంత్రాల విడిభాగాలు ఎగుమతి చేస్తుంది. చెల్లింపులు చూసేది నేనే. కస్టమ్స్ పనులు చూసే ఏజెంటు బిల్లులో చివరి వరుస ‘ఇతర ఖర్చులు’. రసీదు లేదు. అడిగితే, “సరుకు త్వరగా కదలాలి కదండీ” అని నవ్వాడు. “చిన్న మొత్తమే, సంతకం పెట్టండి” అంటున్నారు మా అధికారి. ఇచ్చింది ఏజెంటే అయినా మాకు చుట్టుకుంటుందా?

జవాబు 1: చుట్టుకోవచ్చు. బ్రిటన్ 2010 లంచాల చట్టం 7వ సెక్షన్ చూడండి. అక్కడ వ్యాపారం చేసే సంస్థ కోసం దాని తరఫువారు లంచమిస్తే సంస్థే బాధ్యురాలు. తగిన నివారణ ఏర్పాట్లు ముందే చేశామని నిరూపించుకుంటేనే బయటపడుతుంది. పని త్వరపరచే చిల్లర చెల్లింపులకు అమెరికా 1977 విదేశీ లంచాల నిరోధక చట్టంలో మినహాయింపు ఉంది, బ్రిటన్‌లో అదీ లేదు.

జవాబు 2: ఖాతాల తనిఖీ నా వృత్తి. లంచం తన పేరుతో పుస్తకాల్లోకి రాదు. ఒకచోట ఆరు నెలల బిల్లులు పక్కపక్కన పరిచి చూశాను. రవాణా, గోదాము అద్దె, అన్నిటికీ చిల్లర అంకెలున్నాయి. ‘ఇతర ఖర్చులు’ మాత్రం ప్రతిసారీ సున్నాలతోనే ముగిసింది. నిజమైన ఖర్చు అంత నున్నగా ఉండదు! బిల్లు తిప్పి పంపి, వివరణ రాతపూర్వకంగా అడగండి. ఫోనులో మాత్రం వద్దు. మీ అధికారి ఆదేశాన్నీ ఈమెయిల్‌లోనే ఇమ్మనండి. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు.

ప్రశ్న అడిగినవారు: పాత బిల్లులు తీశాను. అన్నీ సున్నాలే. ఈమెయిల్ అడిగాను, అధికారి ఇంకా పంపలేదు.