అప్‌డేట్: .308 రైఫిల్‌లో ఖాళీ తూటా కేసుల మీద మెరిసే గీత, కారణం దొరికింది

సెకండ్‌హ్యాండ్ బోల్ట్ యాక్షన్ .308లో కాల్చిన కేసులకు (తూటా ఇత్తడి తొడుగులకు) అడుగు దగ్గర మెరిసే గీత పడుతోందని ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. కొక్కెంలా వంచిన సన్నటి తీగతో కేసు లోపల తడిమి చూడమన్న సలహా బాగా పనికొచ్చింది. గీత ఉన్నచోటే లోపల తీగ మొన సన్నటి గాడిలో తట్టుకుంది. అంటే ఇత్తడి సాగి పలచబడుతోంది. అక్కడితో కాల్చడం ఆపేసి గన్‌స్మిత్‌కి ఇచ్చాను.

ఆయన హెడ్‌స్పేస్ చూశారు. అంటే మూసిన బోల్ట్ ముఖానికి, ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) కేసు భుజం ఆనే చోటికి మధ్య దూరం. ముందు బోల్ట్ నుంచి ఎజెక్టర్, ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన కేసును బయటికి లాగి విసిరే భాగాలు) తీసేశారు. వాటి స్ప్రింగులు తోస్తుంటే గేజ్ (తూటా బదులు పెట్టి ఆ దూరం చూసే కొలత ముక్క) సరిగ్గా తెలియదట. 1.630 అంగుళాల గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, మూసుకుంది. 1.634 నో-గో మీద మూసుకోకూడదు, మూసుకుంది. ఆఖరి హద్దు అయిన 1.638 ఫీల్డ్ గేజ్ మీద కూడా హాయిగా మూసుకుంది! అంటే హెడ్‌స్పేస్ మరీ ఎక్కువ, కేసు సాగేది అందుకే. బోల్ట్ ఈ రైఫిల్‌ది కాదు, నంబర్లు కలవలేదు. బ్యారెల్ భుజం కాస్త తరిగి, ఛాంబర్‌ను రీమర్‌తో మళ్లీ కోశారు. ఇప్పుడు గో మీద మూసుకుంటుంది, నో-గో మీద ఆగిపోతుంది.

నా ప్రశ్న కింద తూటాల బ్రాండ్, ప్రైమర్ల (తూటా అడుగున మందును అంటించే చిన్న మూతల) మీద జరిగిన చర్చకి దీంతో సంబంధం లేదు. కేసు అడుగున టేప్ అంటించి బోల్ట్ మూసి చూసే పద్ధతి సుమారు అంచనాకే, గేజ్‌కి బదులు కాదు. కొత్త కేసుల మీద గీత పడట్లేదు.