జిరో, టూర్ ఒకే ఏడాది: 2024లో పొగాచర్‌కు ఎలా కుదిరింది?

ప్రశ్న (చైన్‌రింగ్):
ఇటలీలో జరిగే జిరో, ఫ్రాన్స్‌లో జరిగే టూర్ మూడేసి వారాల సైకిల్ రేసులు. 1998లో మార్కో పాంటాని తర్వాత 2024 దాకా ఈ రెండూ ఒకే ఏడాది గెలిచినవాళ్లు లేరు. 2015లో కాంటడోర్ జిరో గెలిచి, టూర్‌లో అయిదో స్థానానికి పడిపోయాడు. 2018లో జిరో గెలిచిన ఫ్రూమ్‌కూ టూర్‌లో మూడో స్థానమే. 2024లో రెండూ గెలిచిన స్లొవేనియా రైడర్ పొగాచర్ బలవంతుడన్న సంగతి సరే, అది కాక క్యాలెండర్‌లో, తయారీలో తేడా ఎక్కడుందో చెప్పండి.

జవాబు (కొండదారి):
జిరోకు ముందు అతను రేసుల్లో తిరిగిన రోజులు లెక్కపెట్టండి. స్ట్రాడే బియాంకె 1, మిలాన్–సాన్‌రెమో 1, కటలూన్యా 7, లీజ్–బాస్టోన్–లీజ్ 1. మొత్తం 10, అంతే. 2023లో తానే గెలిచిన ఫ్లాండర్స్ రేసును కూడా వదిలేశాడు.

జిరో మే 26న రోమ్‌లో ముగిసింది, టూర్ జూన్ 29న ఫ్లోరెన్స్‌లో మొదలైంది. మధ్యలో ఒక్క రేసూ లేదు. మూడు వారాల రేసు తర్వాత ఒళ్లు తేరుకోవడానికే వారం పోతుంది. రెండు వేల మీటర్ల ఎత్తులో ఉండి ఎర్రరక్తకణాలు పెంచుకోవాలంటే సుమారు మూడు వారాలు కావాలి. దిగి వచ్చి పదును పెట్టుకోవడానికి మిగిలేవి కొద్ది రోజులే. ఇందులో టూర్‌కు ముందు జరిగే ఎనిమిది రోజుల దోఫినే రేసును ఇరికిస్తే విశ్రాంతి అయినా తగ్గాలి, ఎత్తులో ఉండే కాలమైనా తగ్గాలి. కాంటడోర్ 2015 జూన్‌లో రూట్ దు సూద్ అనే రేసు ఆడి గెలిచాడు కూడా. నా దృష్టిలో అక్కడే దెబ్బతిన్నాడు.

జవాబు (గాలివాటం):
విరామం ఒక్కటే కారణం కాదండీ. 2018లో ఫ్రూమ్‌కు జిరోకూ టూర్‌కూ మధ్య 41 రోజులు దొరికాయి, అయినా చాల్లేదు. ఎందుకంటే జిరో 19వ స్టేజ్‌లో (స్టేజ్ అంటే ఒక రోజు రేసు) ఫినెస్త్రె కనుమ మీద, ఇంకా 80 కిలోమీటర్లు ఉండగానే ఒంటరిగా వెళ్లిపోతే తప్ప జిరో దక్కలేదు. చివరికి రెండో స్థానంతో తేడా 46 సెకన్లు. పొగాచర్ రెండో స్టేజ్‌లోనే, ఓరోపాలో, ఆధిక్యంలో ఉన్నవాడికిచ్చే గులాబీ జెర్సీ వేసుకుని రోమ్ దాకా విప్పలేదు. తేడా 9 నిమిషాల 56 సెకన్లు. అంత ఆధిక్యం చేతిలో ఉంటే ప్రతి దాడికీ తనే బదులివ్వక్కర్లేదు, మూడో వారంలో ఒంట్లో కొంత మిగులుతుంది.

జవాబు (బాటిల్‌కేజ్):
తిండి సంగతి కూడా చూడాలి. ఇప్పుడు కఠినమైన స్టేజ్‌ల్లో గంటకు 100–120 గ్రాముల కార్బోహైడ్రేట్లు తీసుకుంటున్నారు. గ్లూకోజ్ ఒక్కటే అయితే పేగు గంటకు 60 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. ఫ్రక్టోజ్ వేరే దారిన లోపలికి వెళుతుంది కాబట్టి 1:0.8 పాళ్లలో కలుపుతారు. వారాల తరబడి అలవాటు చేసుకోకుండా రేసు రోజునే అంత ఎక్కిస్తే కడుపుబ్బరం, వాంతులు ఖాయం. బాటిల్ మరీ చిక్కగా కలిపినా అంతే. సరిగ్గా కుదిరితే మర్నాటికి తేరుకోవడం కొంత తేలికవుతుంది.

జవాబు (కొండదారి):
గాలివాటం గారు చెప్పింది ఒప్పుకుంటున్నా. ఇంకొకటి: ఏప్రిల్ 4న స్పెయిన్‌లోని ఇత్సూలియా రేసులో పడి, అంతకుముందు రెండేళ్లూ టూర్ గెలిచిన వింగెగార్డ్‌కు కాలర్‌బోన్, పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తికీ దెబ్బ తగిలింది. అయినా టూర్ 11వ స్టేజ్‌లో ప్యుయ్ మారీ కొండ మీద వెనకబడి, పెర్తుస్ కనుమ ఎక్కుతూ పొగాచర్‌ను అందుకుని, ల లియొరాన్‌లో స్ప్రింట్‌లో ఓడించాడు. టూర్ చివరి తేడా 6 నిమిషాల 17 సెకన్లు. వింగెగార్డ్ పూర్తి తయారీతో వచ్చి ఉంటే అది ఇంత ఉండేది కాదు.