మిర్చి డ్రయ్యర్ కోసం యూనివర్సిటీ కన్సల్టెన్సీ తీసుకోవచ్చా? ఒకసారి దెబ్బతిన్నాం

ప్రత్తిపాడు_కోడలు:

నమస్కారం. మాది గుంటూరు దగ్గర ప్రత్తిపాడు. అత్తయ్య, నేను కలిసి చిన్న కారం మిల్లు నడుపుతున్నాం. సీజన్‌లో తొడిమలు తీయడానికి పద్నాలుగు మంది ఆడవాళ్లు వస్తారు. తేజ, 334 రకాలు యార్డులో కాకుండా రైతుల కళ్లాల్లోనే కొంటాం. కొంత కారం పడతాం, కొంత కాయగానే ఎగుమతి వాళ్లకు ఇస్తాం.

పోయినేడు అలా ఇచ్చిన సరుకులో నలభై టిక్కీలు (మిర్చి బస్తాలు) వెనక్కి వచ్చాయి. బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం 14 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 14) ఉందట. యూరప్ వాళ్లకు మొత్తం 10 దాటకూడదు, అందులో బీ1 రకం 5 దాటకూడదు. టిక్కీలు లారీలోంచి దించుతుంటే అత్తయ్య ఒక్క మాట మాట్లాడలేదు. లోపలికి వెళ్లి పడుకుంది. అప్పటినుంచి నాకు ఇదే టెన్షన్.

కాయ సరిగ్గా ఆరితే ఈ బాధ ఉండదని సోలార్ డ్రయ్యర్ కోసం ఒక కాలేజీకి వెళ్లాం. కన్సల్టెన్సీ అని అరవై వేలు కట్టించుకున్నారు. ఎనిమిది నెలలకు తొంభై పేజీల రిపోర్టు ఇచ్చారు. సగం మిర్చి చరిత్ర, సాగు విస్తీర్ణం. మా షెడ్డు కొలతలు అందులో ఎక్కడా లేవు.

ఇంకో యూనివర్సిటీకి వెళ్లాలా, ఆ డబ్బుతో కాయ ఆరబోసే టార్పాలిన్ పట్టాలు కొనుక్కోవాలా? వెళ్తే ఏం అడగాలి, ఏం రాయించుకోవాలి?

ఆటోనగర్_ఫ్యాబ్రికేషన్:

చెల్లెమ్మా, విజయవాడ ఆటోనగర్‌లో మాది ఫ్యాబ్రికేషన్ షెడ్డు. రెండేళ్ల కింద ఒకాయన అడిగితే డ్రయ్యర్ చేసిచ్చాను. వేడి బాగా పట్టింది కానీ గాలి బయటికి పోయే దారి చాల్లేదు. లోపల ఆవిరి నిలిచి కాయ నల్లబడింది. మళ్లీ రెండు ఫ్యాన్లు పెట్టి సరిచేయాల్సి వచ్చింది. ఎంత కాయకు ఎంత గాలి కావాలో లెక్క కట్టేవాళ్లు ఉండాలి. ఆ లెక్క తెస్తే ఇనుము పని మేం చేస్తాం. కాబట్టి యూనివర్సిటీని వదలొద్దు.

పాఠాలు_ప్రయోగాలు:

అమ్మా, నేను పందొమ్మిదేళ్లుగా ఫుడ్ ప్రాసెసింగ్ పాఠాలు చెబుతున్నాను, కన్సల్టెన్సీ పనులూ చూస్తాను. మీకు జరిగింది చదివి బాధేసింది. తప్పు చాలావరకు మా వైపుదే. అయితే మీరు వాళ్లను ఏమని అడిగారు? "డ్రయ్యర్ గురించి సలహా ఇవ్వండి" అంటే వచ్చేది రిపోర్టే.

ఈసారి ఇలా అడగండి: "మా షెడ్డు ఇంత పొడవు, ఇంత వెడల్పు. కాయ వచ్చినప్పుడు ఇంత తేమ ఉంటోంది. విడతకు అయిదు క్వింటాళ్లు పట్టాలి. నాలుగు రోజుల్లో తేమ 10 శాతానికి రావాలి, రంగు తగ్గకూడదు. కుదురుతుందా? కుదరకపోతే ఎన్ని రోజులు పడుతుంది?" దీనికి అంకెల్లో తప్ప జవాబు చెప్పలేరు.

నమూనా ఇచ్చి ఫలితం తెచ్చుకోవడం టెస్టింగ్. దానికి మా దాకా రానక్కర్లేదు, గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది. తెలిసిన శాస్త్రాన్ని మీ షెడ్డుకు సరిపెట్టడం కన్సల్టెన్సీ, మీకు కావలసింది అదే. జవాబు ఇంకా ఎవరికీ తెలియనిదైతే అది పరిశోధన. దానికి ఏళ్లు పడుతుంది, ఆ ఖర్చు మీ నెత్తిన వేసుకోవద్దు.

డబ్బు ఏ మాస్టారి చేతికీ ఇవ్వకండి, యూనివర్సిటీ ఖాతాకే కట్టండి. పైన 18 శాతం జీఎస్టీ పడుతుంది. మొదట మూడో వంతు, డ్రాయింగ్ చేతికొచ్చాక మూడో వంతు, మీ షెడ్డులో మీ కాయ మీద నడిపి చూపించాక మిగతాది. ఇది ఒప్పందంలో రాయించండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎప్పుడు వెళ్తారన్నది. మీకు కాయ ముమ్మరంగా వచ్చేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. మాకు ప్రాక్టికల్స్, పరీక్షలు, పేపర్లు దిద్దడం ఎక్కువగా అప్పుడే. ఫిబ్రవరిలో తలుపు కొడితే మీతో కూర్చునే మనిషి దొరకడు. నేను చూసిన పనుల్లో సగం ఇక్కడే చెడ్డాయి. ఆగస్టులో ఒప్పందం రాసుకోండి, డిసెంబరుకల్లా డ్రయ్యర్ నిలబడాలి, జనవరిలో మొదటి కోత కాయతో పరీక్ష.

పిల్లలు దీన్ని ప్రాజెక్టుగా రాసుకుంటే రాసుకోనివ్వండి. కొత్త అమరిక ఏదైనా తేలితే మాత్రం, పేపరు అచ్చయ్యేలోపే ప్రొవిజనల్ పేటెంట్ దరఖాస్తు పడాలి. పూర్తి వివరాలకు 12 నెలలు గడువుంటుంది. ముందే అచ్చయితే పేటెంట్ దాదాపు పోయినట్టే.

ల్యాబ్_మనిషి:

సార్ చెప్పినవన్నీ నిజం. నమూనా గురించి ఒక మాట చేరుస్తాను. బూజు అన్ని కాయలకూ సమంగా పట్టదు, టిక్కీలో గుప్పెడు కాయల్లోనే విషమంతా ఉండొచ్చు. పై టిక్కీలోంచి దోసెడు కాయలు కవర్లో తెచ్చి, ఏమీ లేదని రిపోర్టు వస్తే సరుకంతా పంపేసినవాళ్లు ఉన్నారు. చాలా టిక్కీల్లో పైన, మధ్యన, అడుగున తీసి, అంతా పొడి కొట్టి, బాగా కలిపి, అందులోంచి ఇవ్వాలి.

ఒకసారి పట్టిన అఫ్లటాక్సిన్‌ను డ్రయ్యర్ తీసెయ్యలేదు. కాయను మళ్లీ వేడి చేసినా, పొడి కొట్టినా పోదు. అందుకే అడుగుతున్నాను అక్కా, టిక్కీ తొక్కేముందు కాయ విరక్కుండా నీళ్లు చల్లుతారా? ఆ తడికే బూజు పట్టేది.

ప్రత్తిపాడు_కోడలు:

చల్లుతాం తమ్ముడూ. మామయ్యగారి కాలం నుంచీ అలవాటు. కాయ విరిగితే రేటు పడిపోతుందని చల్లుతాం, అది నేనే దగ్గరుండి చేయించాను. ఆ నలభై టిక్కీలకూ చల్లాం.

నిన్న రాత్రి మీ జవాబులన్నీ అత్తయ్యకు చదివి వినిపించాను. విన్నంతసేపూ ఏమీ అనలేదు. తర్వాత లేచి, మూలనున్న స్ప్రేయర్ తీసుకెళ్లి గొడ్ల చావిట్లో పెట్టి వచ్చింది.

పొద్దున్నే షెడ్డు కొలిచాను. 42 అడుగుల పొడవు, 24 వెడల్పు. మాస్టారు చెప్పిన ప్రశ్న కాగితం మీద రాసుకున్నాను, తేమ అంకె ఒక్కటే ఖాళీగా ఉంది. మాస్టారూ, మీటరు ఏది కొనాలో చెప్పండి. ఆటోనగర్ అన్నయ్యగారూ, గురువారం విజయవాడ వస్తున్నాం, మీరు సరిచేసిన ఆ డ్రయ్యర్ చూపిస్తారా? అత్తయ్య కూడా వస్తానంటోంది.