పిల్ల నోరు విప్పితే మొదట ఏం చేయాలి, ఏం అడగకూడదు?

ప్రశ్న: దగ్గరి బంధువు ఒకరు తప్పుగా తాకుతున్నారని ఏడెనిమిదేళ్ల పాప చెబితే, నిజమో కాదో తేల్చుకోవడానికి వివరాలన్నీ ఇంట్లోనే రాబట్టాలా? డాక్టరు పరీక్షలో ఏమీ కనబడకపోతే ఏమీ జరగలేదనుకోవచ్చా?

జవాబు 1: రాబట్టకండి. తేల్చే పని విచారణ చేసేవాళ్లది. "ఇక్కడ తాకాడా?" అని మీరే అందిస్తే ఆ మాట పాపది కాకుండా పోతుంది, రేపు విచారణలో ముందు తప్పుపట్టేది దాన్నే. "ఏమైందో చెప్పమ్మా", "తర్వాత?" ఈ రెండు చాలు. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం అనొద్దు, పిల్లలకు అది నిందలాగే వినబడుతుంది. "నువ్వు చెప్పడం మంచిదయింది, తప్పు నీది కాదు" అనండి. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకండి, నిలబెట్టుకోలేరు.

పాప పక్కన లేనప్పుడు తేదీ, సమయం వేసి, మీరు అడిగిందీ పాప అన్నదీ అవే మాటల్లో రాయండి. ఒంటి భాగానికి పాప వాడిన ముద్దుపేరు ఉంటే అదే రాయండి, సరిదిద్దొద్దు. ఆ మనిషిని ఆ క్షణం నుంచే పాపకు దూరంగా ఉంచండి. కానీ వెళ్లి నిలదీయకండి. ఫోన్లో మెసేజీలు చెరిపేయడానికి, పాపను బెదిరించడానికి అతనికి వ్యవధి ఇచ్చినట్టవుతుంది. పిల్లల హెల్ప్‌లైన్‌కో పోలీసులకో ముందు కబురు వెళ్లాలి.

జవాబు 2: ఈమధ్యే జరిగి ఉంటే ప్రతి గంటా లెక్కే. స్నానం చేయించకుండా, బట్టలు ఉతక్కుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. విప్పిన బట్టలను విడివిడిగా కాగితం సంచుల్లో పెట్టండి. ప్లాస్టిక్‌లో తేమ నిలిచి ఆధారం పాడవుతుంది. స్నానం అయిపోయినా సరే, వెళ్లడం మానకండి. హెచ్‌ఐవీ సోకే అవకాశం ఉందని డాక్టరు భావిస్తే 72 గంటల్లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. రజస్వల అయిన అమ్మాయికి గర్భనిరోధక మాత్ర 5 రోజుల్లోపే, ఎంత త్వరగా వేస్తే అంత మంచిది.

రెండో ప్రశ్నకు: అనుకోకూడదు. తాకడం లాంటివి సాధారణంగా గాయం మిగల్చవు, మిగిల్చినా అక్కడి గాయాలు కొద్ది రోజుల్లోనే మానిపోతాయి. రిపోర్టులో "గాయాలు లేవు" అంటే గాయాలు లేవనే, అంతకు మించి ఏమీ కాదు. "కన్యాత్వ పరీక్ష" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దానికి శాస్త్రీయ ఆధారం లేదు, ఆపేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది.

ప్రశ్న: రెండు రోజులయ్యాక "అబద్ధం చెప్పాను" అంటేనో?

జవాబు 3: నిజం చెప్పిన పిల్లలు కూడా అలా వెనక్కి తగ్గుతారు. రోలండ్ సమిట్ అనే మానసిక వైద్యుడు 1983లోనే దీని గురించి రాశాడు. అలాగని మాట మార్చడమే రుజువనీ అనుకోవద్దు. ఆ రెండు రోజుల్లో ఇంట్లో ఏం మారిందో చూడండి: అమ్మ ఏడుపు, పెద్దల పరువు మాటలు, ఆ మనిషి దగ్గర్నుంచి ఫోను. పాపతో వాదించకండి, ఆ మాటనూ తేదీ వేసి రాసి, విచారణ చేసేవాళ్లకు చెప్పండి.

కౌన్సెలింగ్‌కు వెళ్తే పిల్లల ట్రామాపై (మనసుకు తగిలిన లోతైన గాయంపై) శిక్షణ ఉందా, మీతో కూడా కూర్చుంటారా అని ముందే అడగండి. ట్రామా మీద దృష్టిపెట్టే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడానికి సాయపడే మాటల చికిత్స) సాధారణంగా 12 నుంచి 16 సిట్టింగులు సాగుతుంది, అందులో పెంచేవాళ్లకూ భాగం ఉంటుంది. మీ ఏడుపుకు పాప కాకుండా ఇంకో మనిషిని చూసుకోండి.