పంటి వేరులో పెట్టిన ఫైబర్ పోస్టు సిమెంటుతో సహా ఊడొచ్చింది. తప్పు సిమెంటుదా, నాదా?

ఉప్పల్ డెంటిస్ట్ (ప్రశ్న)

నాది ఉప్పల్‌లో ఒకే చైర్ ఉన్న చిన్న క్లినిక్. పెట్టి నాలుగేళ్లయింది. మొన్న సోమవారం సాయంత్రం పాత పేషెంటు ఒకాయన టిష్యూ పేపర్లో ఏదో పొట్లం కట్టుకొచ్చి టేబుల్ మీద పెట్టారు. ఆర్టీసీలో చేసి రిటైరైన మనిషి. "డాక్టరమ్మా, నువ్వు పెట్టిన పన్నే ఇది. బొక్క గూడ కొరకలే. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌ల ముంచుకొని తింటుంటే ఊడొచ్చింది" అన్నారు. కోపంగా అన్నా బాగుండేది. నవ్వుతూ అన్నారు.

పొట్లంలో క్రౌన్ (పంటి తొడుగు), దాని లోపల కోర్ (తొడుగుని మోసే దిమ్మ), కోర్ కింద ఫైబర్ పోస్టు (వేరు లోపల అతికించే సన్నటి కడ్డీ), మూడూ ఒకే ముక్కగా ఉన్నాయి. పై వరసలో ఎడమవైపు ముందు పన్ను, సెంట్రల్ ఇన్సైజర్. పోస్టు పెట్టి పదకొండు నెలలు. ఈ ఏడాదిలో నాకిది మూడోది.

ఈసారి పారేయకుండా లైటు కింద పెట్టి చూశాను. పై నుంచి కొన దాకా సిమెంటు మొత్తం పోస్టుకే అతుక్కుని ఉంది, పొట్టు ఊడని వేరుశనగ గింజలాగా. కెనాల్‌లోకి, అంటే వేరు లోపలి గొట్టంలోకి చూస్తే ఒక్క సిమెంటు మరక లేదు. అంటే పోస్టుకీ సిమెంటుకీ మధ్య పట్టు బాగానే ఉంది, పట్టు తప్పింది సిమెంటుకీ పంటి వేరుకీ మధ్య. మొదటి రెండు కేసుల్లో పోస్టుకి సైలేన్ (సిమెంటు పట్టడానికి పోస్టుకి రాసే ద్రవం) సరిగా రాయలేదేమోనని నన్ను నేను తిట్టుకున్నాను. అది కాదని ఇప్పుడు తేలింది.

నేను చేసే పద్ధతి దాచకుండా చెప్తాను. పీసో రీమర్ (కెనాల్‌ని తొలిచే డ్రిల్) 1, 2, 3 సైజులు వరుసగా వేసి జీపీ, అంటే రూట్ కెనాల్‌లో నింపిన గులాబీ రంగు గట్టా పెర్చా తీస్తాను. కింద 5 మిల్లీమీటర్ల జీపీ వదిలేసి ఆర్వీజీ (డిజిటల్ ఎక్స్‌రే) తీసి చూసుకుంటాను. హైపోతో (సోడియం హైపోక్లోరైట్) కడుగుతాను. త్రీవే సిరంజితో (చైర్‌కి ఉండే గాలి, నీళ్ల గన్) గాలి కొట్టి, తడి పీల్చే పేపర్ పాయింట్లు రెండు పెడతాను. ఎచింగ్ జెల్ (పంటిని గరుకు చేసే యాసిడ్) 15 సెకన్లు, కడగడం, మళ్లీ గాలి. మైక్రో బ్రష్‌తో బాండింగ్ ఏజెంట్, లైటు 20 సెకన్లు. లెంట్యులోతో (తిరిగే స్ప్రింగు లాంటి సన్న తీగ) డ్యుయల్ క్యూర్ సిమెంటు (లైటుతోనూ, దానంతటదీ గట్టిపడేది) లోపలికి పంపి, పోస్టు పెట్టి, పై నుంచి 40 సెకన్లు లైటు. పోస్టు పెట్టేటప్పుడు రబ్బర్ డ్యామ్ (ఉమ్మి తగలకుండా పంటి చుట్టూ కట్టే రబ్బరు షీటు) వాడను. తిట్టేవాళ్లు తిట్టండి.

ఊడిన మూడింట్లో రెండింటికి రూట్ కెనాల్ వేరేచోట చేయించుకొచ్చారు. వాటిలో ఏ సీలర్ (జీపీతో పాటు నింపే పేస్టు) ఉందో నాకు తెలీదు.

కోఠిలో నేను మెటీరియల్ కొనే డెంటల్ డిపో ఆయన్ని అడిగితే "సిమెంట్ మార్చండి మేడమ్" అని ఇంకో కంపెనీ సిరంజి చేతిలో పెట్టాడు. కొన్నాను కూడా. కానీ నమ్మకం కుదరట్లేదు. గురువారం ఆ పేషెంటు మళ్లీ వస్తున్నారు, ఆదివారం ఆయన మనవరాలి నిశ్చితార్థం. నాకు టెన్షన్‌గా ఉంది.

కూకట్‌పల్లి పాతకాపు

డాక్టర్ గారూ, ఆ సిరంజి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, పనికొస్తుంది. సమస్య మాత్రం సిమెంటుది కాదు, గోడది. పోస్టు ఊడిందని చెప్పేవాళ్లే గానీ ఊడిన పోస్టు మీద సిమెంటు ఎటువైపు మిగిలిందో చూసేవాళ్లు తక్కువ. మీరు చూశారు, సగం జవాబు మీ చేతిలోనే ఉంది.

పీసో తిరుగుతున్నప్పుడు లోపల ఏం జరుగుతుందో ఊహించండి. వేడికి జీపీ మెత్తబడుతుంది. దాంట్లో సీలరు, వేరు నుంచి రాలిన పొడి కలిసి ముద్దై, ఆ ముద్దని రీమరే గోడకి మెత్తేస్తుంది. రూట్ కెనాల్ చేసినప్పుడు మీరు శ్రమపడి శుభ్రం చేసిన గోడ కాదది, కొత్తగా పూత పడిన గోడ. ఈ పూత రూట్ కెనాల్ అప్పటి స్మియర్ లేయర్ (గోడకి పట్టే పొడి పొర) కంటే మందం. దాని మీద ఎచింగ్ చేస్తే మీరు ఎచ్ చేసింది పూతని, పంటిని కాదు. సున్నం పెచ్చులు గీకకుండా పెయింటు వేసినట్టే.

రెండోది, హైపో. హైపో విడిచే ఆక్సిజన్ డెంటిన్‌లో (పంటి లోపలి గట్టి భాగం) ఉండిపోతుంది. ఆక్సిజన్ ఉన్నచోట రెజిన్ (సిమెంటులోని ప్లాస్టిక్ లాంటి పదార్థం) గట్టిపడదు. కాంపోజిట్ ఫిల్లింగ్ లైటు పెట్టాక కూడా పైన జిగటగా ఒక పొర మిగులుతుంది కదా, అదే ఇది. అక్కడ గాలి తగిలే వైపు జరిగేది, ఇక్కడ పంటికి అతుక్కోవాల్సిన వైపే జరుగుతోంది. హైపో వాడొద్దని కాదు, హైపోతో ఆపేయొద్దు అంటున్నాను.

మూడోది మన కాలేజీల్లో సరిగా చెప్పరు. మామూలు పెట్టె ఆకారం క్యావిటీలో అతుక్కునే గోడలు ఐదు, తెరిచి ఉన్న ముఖం ఒకటి. సిమెంటు గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతే ఆ తెరిచిన వైపు నుంచి కాస్త సర్దుకుంటుంది. అంటే అతుక్కునే వైపుకీ తెరిచిన వైపుకీ నిష్పత్తి 5. కెనాల్‌లో అది 200 కూడా దాటొచ్చు. సర్దుకోవడానికి చోటే లేదు, కాబట్టి ఎక్కడ పట్టు తక్కువుంటే అక్కడ లాగేస్తుంది. మీ కేసుల్లో ఆ తక్కువ పట్టు ఉన్నది గోడ దగ్గర.

నేను చేసేది ఇది. జీపీ చాలా భాగం వేడి ప్లగ్గర్‌తోనే తీస్తాను, పీసో తర్వాత, నెమ్మదిగా, పక్కలకి నొక్కకుండా. పోస్టు కిట్‌లోని డ్రిల్ చివర్లో ఒక్కసారే. తర్వాత లూప్స్ (భూతద్దాల కళ్లజోడు) పెట్టుకుని గోడల మీద గులాబీ రంగు కోసం వెతుకుతాను. కనిపిస్తే అల్ట్రాసోనిక్ టిప్‌తో గీకేస్తాను. ఆ తర్వాత 17 శాతం ఈడీటీఏ (పంటి పొడి పూతని కరిగించే ద్రావణం) ఒక నిమిషం, దాని తర్వాత డిస్టిల్డ్ వాటర్ ధారాళంగా. పక్కన రంధ్రం ఉన్న సన్న సూదితో కింద దాకా కడగాలి. త్రీవే సిరంజి నీళ్లు కెనాల్ మూతి దగ్గరే తిరిగి వెనక్కి వచ్చేస్తాయి. గాలి కూడా అంతే. పేపర్ పాయింట్లు రెండు కాదు, చివరిది పొడిగా వచ్చేదాకా.

సీలర్‌లో యూజినాల్ ఉందేమో చూడండి. లవంగ నూనె వాసనే పట్టిస్తుంది. యూజినాల్ కూడా రెజిన్‌ని గట్టిపడనివ్వదు.

ఇంకొక్క మాట. చాయ్‌లో నానిన బిస్కెట్‌కే ఊడిందంటే ఒక్క బాండింగ్ మీదే నెట్టేయలేం. ఆ పంటికి ఫెరూల్, అంటే క్రౌన్ చుట్టి పట్టుకునే గట్టి పన్ను ఎంత ఉంది? చుట్టూ కనీసం 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను క్రౌన్ లోపలికి రాకపోతే, కొరికిన ప్రతిసారీ పోస్టు ఊగుతుంది. ఎంత బాగా అతికించినా ఏదో ఒక రోజు వదిలేస్తుంది.

పీజీ సెకండియర్ (కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ)

సార్ చెప్పినవన్నీ కరెక్టే, రెండు చేరుస్తాను. మేడమ్, మీరు వాడేది ఎచ్, బాండ్ విడిగా చేయాల్సిన సిమెంటా, లేక అవేమీ లేకుండా తనంత తానే పట్టే సెల్ఫ్ అడ్హెసివా? డబ్బాలో ఉండే పత్రం చదవండి. కొన్ని సెల్ఫ్ అడ్హెసివ్ సిమెంట్లకి కంపెనీవాళ్లే హైపోతో కడిగి, వెంటనే నీళ్లతో కడిగి, పేపర్ పాయింట్లతో ఆరబెట్టమని రాస్తారు. ఫాస్ఫారిక్ యాసిడ్‌తో డెంటిన్‌ని ఎచ్ చేయొద్దని కూడా ఉంటుంది. వాటికి లెంట్యులో కూడా వద్దు, కొన్ని సిమెంట్లు దాంతో లోపలే తొందరగా బిగుసుకుపోయి పోస్టు సగంలో ఆగిపోతుంది. సన్నటి పొడవు టిప్ కింద దాకా పెట్టి, నింపుకుంటూ పైకి రావాలి.

రెండోది, ఎవరో ఒకరు క్లోర్‌హెక్సిడిన్ 2 శాతం వాడమంటారు. డెంటిన్‌లో కొలాజెన్‌ని తినేసే ఎంజైముల్ని ఆపుతుందని దాన్ని వాడతారు. వాడితే వాడండి గానీ హైపో మీద నేరుగా పోయకండి. రెండూ కలిస్తే గోధుమరంగు మడ్డి గోడలకి పడుతుంది. ఫస్ట్ ఇయర్లో నేను చేసిన ఘనకార్యం అదే, మా మేడమ్ బ్యాచ్ మొత్తాన్ని పిలిచి చూపించారు.

అంబర్‌పేట్ ల్యాబ్

డాక్టర్లూ, నేను టెక్నీషియన్‌ని, అతికించే సంగతి నాకు తెలీదు. మా దగ్గరికి వచ్చే పాత మెటల్ కాస్ట్ పోస్టులు (పోతపోసినవి) చూస్తుంటాను. అవి ఊడినప్పుడు వేరు ముక్క కూడా అతుక్కుని వచ్చినవి ఉన్నాయి. మేడమ్ పేషెంటుకి పోస్టే ఊడింది, వేరు చీలలేదు. ఆయన అదృష్టం అనుకోండి.

కూకట్‌పల్లి పాతకాపు

ల్యాబ్ బాబు చెప్పింది నిజం. మేం అఫ్జల్‌గంజ్ గవర్నమెంట్ డెంటల్ కాలేజీలో నేర్చుకున్నది ఆ కాస్ట్ పోస్టే. ఆ లోహం డెంటిన్ కంటే చాలా రెట్లు బిరుసు, బలం మొత్తం తెచ్చి వేరు మీద దించుతుంది. ఫైబర్ డెంటిన్‌తో పాటు కొంచెం వంగుతుంది. అందుకే చీల్చకుండా ఊడుతుంది. మొదట్లో, 1990 ప్రాంతంలో, అవి కార్బన్‌తో నల్లగా వచ్చేవి. ముందు పళ్లకి పెడితే చిగురు దగ్గర నల్లటి నీడ. ఆ గోల వేరు.

ఉప్పల్ డెంటిస్ట్

గురువారం అయిపోయింది. అందరికీ థాంక్స్, జరిగింది రాస్తున్నాను.

బుధవారం రాత్రి క్లినిక్ మూశాక సీసాలో దాచిన పీకిన పళ్లు రెండు తీశాను, రెండూ కింది ప్రీమోలార్లు. జీపీ నింపి ఒకదాన్ని నా పాత పద్ధతిలో, రెండోదాన్ని పాతకాపు సార్ పద్ధతిలో తయారు చేశాను. పోస్టు పెట్టలేదు. డైమండ్ డిస్క్‌తో నిలువునా గాడి చేసి రెండు ముక్కలుగా విడగొట్టి లూప్స్‌తో చూశాను.

మొదటి పంటిలో కెనాల్ గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. పీసో మాత్రం గుండ్రంగానే తిరుగుతుంది. మధ్యలో నున్నగా బాట వేసి, రెండు మూలల్నీ ముట్టుకోలేదు. ఆ మూలల్లో జీపీ గులాబీ చారలుగా మిగిలింది, ఎలక్షన్ అయిపోయాక గోడ మీద చిరిగి మిగిలిన పోస్టర్లాగా. బాట వేసిన నున్నటి చోట కూడా సూది మొనతో గీకితే పలచటి పొర లేచింది. ఆర్వీజీలో ఇదేమీ కనిపించలేదు, అందులో కెనాల్ ఖాళీగా, అందంగా ఉంది. రెండో పంటిలో గోడ మెరుపు లేకుండా, సున్నపు రంగులో ఉంది. ఒక మూలలో కాస్త గులాబీ అక్కడా మిగిలింది, ఒప్పుకుంటున్నాను.

పేషెంటు పన్ను విషయానికొస్తే, లోపల గీకితే మెత్తటి సీలరు వచ్చింది, లవంగం వాసన గుప్పుమంది. ఆ గోడ మీద నేను ఎచ్ చేసి, బాండ్ రాసి, లైటు పెట్టాను! చిగురు చుట్టూ ప్రోబ్ (లోతు కొలిచే సన్న పుల్ల) పెట్టి చూస్తే లోతు ఎక్కడా లేదు, వేరు చీలినట్టు లేదు. ఫెరూల్ మాత్రం సార్ అనుమానించినట్టే ఉంది. అంగిలి వైపు 2 మిల్లీమీటర్లు, పెదవి వైపు అర మిల్లీమీటరే.

గోడల నుంచి కొత్త డెంటిన్ కనిపించేదాకా కొంచెం తీశాను. ఆల్కహాల్‌తో తుడిచి, ఈడీటీఏ ఒక నిమిషం, నీళ్లు రెండు పెద్ద సిరంజిలు. ఏడో పేపర్ పాయింటు పొడిగా వచ్చింది. డబ్బాలో పత్రం కూడా చదివాను. డిపో ఆయన అంటగట్టింది సెల్ఫ్ అడ్హెసివ్. దాన్నీ నేను ఎచ్ చేసి ఉండేదాన్ని. ఈసారి రబ్బర్ డ్యామ్ పెట్టాను.

ఫెరూల్ సంగతి ఆయనకి దాచలేదు. చిగురు కాస్త తగ్గించడమో, పన్నుని తీగతో కిందికి లాగడమో చేస్తే తప్ప గ్యారంటీ ఇవ్వలేనని చెప్పాను. "అవన్నీ తర్వాత చూద్దాం, ఆదివారం ఫొటోల నవ్వుతే సాలు" అన్నారు. అప్పటికి టెంపరరీ క్రౌన్ పెట్టి పంపాను.

ఒక సందేహం మిగిలింది. ఎల్‌బీ నగర్ నుంచి వచ్చే ఒకావిడకి కింది మోలార్లో ఇదే పాత పద్ధతిలో పోస్టు పెట్టాను. ఏడాదిన్నరైంది, ఊడలేదు. పిలిచి మళ్లీ చేయాలా?

కూకట్‌పల్లి పాతకాపు

వద్దు. గట్టిగా ఉన్నదాన్ని తీయబోతే వేరు పాడవుతుంది. మోలార్‌కి చుట్టూ గోడలుంటాయి, పోస్టు మీద అంత భారం పడదు. చెకప్‌కి వచ్చినప్పుడు క్రౌన్ అంచు దగ్గర ప్రోబ్ దిగుతుందేమో చూసి, ఏడాదికోసారి ఆర్వీజీ తీయండి. మీ ఆర్టీసీ ఆయన్ని మాత్రం నిశ్చితార్థం అయిన వారంలోనే పిలవండి. టెంపరరీ బాగుంది కదాని ఆయన మళ్లీ రారు.