మూడు స్తంభాల గుండ్రటి గుడికి దారెటు? కొండంతా ఎక్కినా కనిపించలేదు

కృష్ణాతీరం:
పొద్దున్నుంచి తిరుగుతున్నాం, ఓపిక అయిపోయింది. ఫొటోల్లో అందరూ పెడతారే, గుండ్రటి గుడి, మూడు స్తంభాలు నిలబడి ఉంటాయి, అది ఎంత వెతికినా దొరకడం లేదు. గేటు దగ్గర టికెట్ తీసుకుని రాళ్ళ దారెంట పెద్ద గుడి, దాని పైన థియేటర్, ఇంకా పైన స్టేడియం దాకా పోయి వచ్చాను. ఫోన్‌లో మ్యాప్ చూస్తే పక్కనే ఉన్నట్టుంది, తీరా వెళ్తే ఏమీ లేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కింద నీడలో కూర్చోబెట్టాను. ఆమె ముచ్చటపడింది దాని కోసమే. తెలిసినవాళ్ళు త్వరగా చెప్పండి.

నల్లరేగడి:
ఏ ఊరు?

పాతరాయి:
గుడి పైన థియేటర్, ఆపైన స్టేడియం అంటే గ్రీస్‌లో డెల్ఫీయే అయ్యుంటుంది. అందరూ ఆ మూడు స్తంభాల కోసం పరిగెడతారు గానీ, మీరు చూసిన పెద్ద గుడి గ్రీకు దేవుడు అపోలోది, దాని కింద గోడ చూశారా? వంకర అంచుల రాళ్ళను ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా చెక్కి పేర్చారు. దగ్గరికెళ్ళి చూడండి, రాళ్ళ నిండా సన్నటి అక్షరాలుంటాయి. బానిసల విడుదల పత్రాలవి. బానిసను ఇంత ధరకు అపోలోకు అమ్మినట్టు రాసి, ఆ పేరుతో స్వేచ్ఛ ఇచ్చేవారు. మామూలు మనుషుల పేర్లు రెండు వేల ఏళ్ళుగా అక్కడున్నాయి, జనం పక్కనుంచే చూడకుండా వెళ్ళిపోతున్నారు.

నల్లరేగడి:
దారి చెప్పండి సార్ ముందు. పెద్దావిడ ఎదురుచూస్తున్నారు.

మ్యూనిక్ తెలుగు:
అది మీరు ఎక్కిన ఆవరణలో లేదండీ. గేటు బయటికొచ్చి మ్యూజియం వైపు కాకుండా రోడ్డు వెంట తూర్పుకి, అంటే అరాహోవా ఊరి వైపు నడవండి. ఎడమ పక్కన కొండ చీలికలో కస్టాలియా ఊట వస్తుంది. అది దాటాక కుడివైపు పల్లంలో జిమ్నాసియం, అంటే పాతకాలపు వ్యాయామశాల శిథిలాలు, ఇంకొంచెం ముందుకెళ్తే అథీనా దేవత ఆలయ ప్రాంగణం, మీరు వెతికేది అందులోనే ఉంది. మెల్లగా నడిచినా పావుగంట, ఇరవై నిమిషాలు. మేం వెళ్ళినప్పుడు అక్కడ టికెట్ అడగలేదు, అయినా మీది పారేయకండి. రోడ్డు మీద నుంచే పైనుంచి బాగా కనిపిస్తుంది కాబట్టి అమ్మగారిని కిందకి దింపకపోయినా ఫర్వాలేదు, తిరిగి ఎక్కడం కష్టం. మూసే వేళ సీజన్‌ని బట్టి మారుతుంది, గేటు దగ్గర బోర్డు చూసుకోండి.

అమరావతి అన్న:
అథీనా గుడి అంటే అదేగా, మా గైడు అలాగే చెప్పాడు.

పాతరాయి:
కాదండీ. అథీనా గుడి దాని పక్కన ఉంది, 1905లో పైనుంచి బండలు దొర్లిపడి స్తంభాలు చాలావరకు కూలిపోయాయి. గుండ్రటిది థోలోస్, క్రీస్తుపూర్వం 380 ప్రాంతంలో కట్టింది. చుట్టూ 20 స్తంభాలుండేవి, 1938లో మూడింటిని తిరిగి నిలబెట్టారు. దేనికోసం కట్టారో ఇప్పటికీ తేలలేదు, గుడి అని రాయడం నాకు ఇష్టం లేదు.

అమరావతి అన్న:
దేవుడి ఆవరణలో ఉన్నదాన్ని గుడి అంటే నష్టమేంటండీ, మనవాళ్ళకి అలా అంటేనే అర్థమవుతుంది.

మ్యూనిక్ తెలుగు:
కృష్ణాతీరం గారూ, తిరిగొచ్చేటప్పుడు ఓపిక ఉంటే అమ్మగారిని మ్యూజియంకి తీసుకెళ్ళండి, కొండ ఎక్కే పని లేదు. కంచు రథసారథి విగ్రహం తప్పకుండా చూపించండి. కళ్ళకు రాగి రెప్పవెంట్రుకలు కూడా పెట్టారు, ఇంకా చెక్కుచెదరలేదు.

పాతరాయి:
ఇంకో సంగతి. ఆ శిథిలాల మీద కస్త్రి అనే ఊరే ఉండేది. 1892లో ఫ్రెంచివాళ్ళు తవ్వకాలు మొదలుపెట్టడానికి ఊరిని ఖాళీ చేయించి పక్కకి తరలించారు, మీరు బస్సు దిగిన డెల్ఫీ అదే. నాగార్జునకొండలో నీళ్ళొస్తాయని శిథిలాల్ని కదిపితే, అక్కడ శిథిలాల కోసం మనుషుల్ని కదిపారు. ఆ కుటుంబాల గురించి బోర్డుల మీద ఇంకా ఎక్కువ రాయాలి.

కృష్ణాతీరం:
డెల్ఫీయే. ఊట దగ్గరున్నాం, అమ్మ నడుస్తానంటోంది. థాంక్స్ అండీ.

గోదారి గట్టు:
మేం వచ్చే నెల వెళ్తున్నాం. ఏథెన్స్ నుంచి బస్సు టికెట్ ముందే తీసుకోవాలా, అక్కడ దొరుకుతుందా?